కన్నున్న పిట్ట

మా తోడికోడలిని వీధిలో అందరూ పిట్టక్క అంటారు. మనిషి పిట్టలా ఉంటుందనుకునేరు! గుమ్మంలో నిలబడిందంటే వెనకున్నవాళ్లకి వెలుతురు అందదు. బాగుచేసిన ప్రతి కంప్యూటరు మూత మీదా ఒక నీలం పిట్ట బొమ్మ అంటించి ఇస్తుంది. పేరు ఆ బొమ్మ వల్ల వచ్చింది. కిందటేడు మా పీకల మీదికి వచ్చిన గొడవా దాని వల్లే వచ్చింది.

నాకు ఆవిడ అక్క. మా ఇద్దరిలో నోరు నాది, పనితనం ఆవిడది. కోపం వస్తే నేను వంటింట్లో గిన్నెల చేత కూడా మాట్లాడిస్తాను. ఆవిడ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఏదో ఒక మెషీన్ విప్పుకుని కూర్చుంటుంది.

పెళ్లయి ఈ ఇంటికి వచ్చేనాటికి అక్క ఒక ప్రెస్సులో టైపిస్టు. తర్వాత టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. అవి మొరాయించినప్పుడల్లా మెకానిక్ కోసం చేతులు కట్టుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. ఒకరోజు అందరూ భోజనాలకి వెళ్లగానే స్క్రూడ్రైవరు తీసి ఒకదాన్ని విప్పేసింది. ఓనరు తిరిగొచ్చి, బల్ల నిండా పరిచిన సామాను చూసి ఒంటికాలి మీద లేచాడు. సాయంత్రానికి అది నడిచింది. మర్నాటి నుంచి ఆయన మెకానిక్‌కి ఫోను చెయ్యడం మానేశాడు. చివరికి ప్రెస్సు మూతపడి, పాత కంప్యూటర్లు తూకానికి వేస్తుంటే అక్క అడిగి ఇంటికి తెచ్చుకుంది. మా ముందుగది నిండిపోయింది. బావగారు చెప్పులు విడిచే చోటు వెతుక్కుంటూ, “నేను కూడా పాడైపోతే ఈ గదిలో నాకూ కాస్త చోటు దొరుకుతుందేమో” అనేవారు.

అలాంటి డొక్కు మెషీన్లలో కూడా హాయిగా నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఒక కంపెనీ తయారుచేసి అందరికీ ఊరికే ఇస్తుంది. ఎవరైనా వేసుకోవచ్చు, ఇంకొకరికి వేసి ఇవ్వచ్చు, సొంత భాషలోకి మార్చుకోవచ్చు. ఎగురుతున్న నీలం పిట్ట ఆ కంపెనీ గుర్తు. అక్క ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, తనలాంటి మరికొందరిని పోగేసి, ప్రతి ఆదివారం లైబ్రరీ హాల్లో ఒక మూల బల్ల వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. దర్జీ, డ్రైవరు, చదువుకునే పిల్లలు, పెన్షను కోసం తిరిగే పెద్దవాళ్లు, ఎవరు పాడైన మెషీన్ తెచ్చినా చూసి పెట్టేవారు. దానికి పిట్టబల్ల అని పేరు పడిపోయింది. లైబ్రేరియన్ మంచాయన. ఆ మూలకి ప్రత్యేకంగా ఒక ఫ్యాను కూడా వేయించాడు.

ఇక కన్ను సంగతి. మొదటిసారి అక్క పిట్ట స్టిక్కర్లు ప్రింటు చేయించి తెచ్చినప్పుడు మా అత్తగారు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇదేం పిట్టే, కన్నే లేదు! గుడ్డిదాన్ని గాల్లోకి వదిలితే ఏ గోడకి కొట్టుకుంటుందో!”

“కంపెనీ బొమ్మే అంత అత్తయ్యా. వాళ్లు అలాగే వేశారు.”

“వాళ్లకి తోచలేదు. మనకి తోచిందిగా,” అని మార్కర్ పెన్ను తీసుకుని చుక్క పెట్టేసింది.

అప్పటి నుంచి అది మా ఇంటి పద్ధతైపోయింది. అక్క మెషీన్ బాగుచేసి, సాఫ్ట్‌వేర్ వేసి, మూత మీద పిట్టని అంటిస్తుంది. వెంటనే మాత్రం ఇవ్వదు. దాన్ని అత్తగారి ముందు పెడుతుంది. అత్తగారు దాని మీద పేకాట ఆడుతుంది. పొద్దున కాఫీ తాగి మొదలుపెడితే అన్నం తినేదాకా లేవదు. మధ్యలో మెషీన్ ఆగినా, వేడెక్కినా, ముక్క కదలకపోయినా అక్కని పిలిచి చీవాట్లు పెడుతుంది. తన ఆట సాఫీగా సాగాకే మార్కర్ తీసి పిట్టకి కన్ను పెడుతుంది. కన్ను పడని మెషీన్ మా గుమ్మం దాటేది కాదు. నేను ముక్కున వేలేసుకునేదాన్ని కానీ, ఊళ్లో జనానికి ఆ పిట్ట మీద గురి కుదిరింది. పాత కంప్యూటరు కొనేవాళ్లు ముందు మూత మీద పిట్ట ఉందా లేదా అని చూసేవారు.

అలా పిట్ట కోసం చూసి, పాత కంప్యూటర్ల షాపులో కొన్నవాళ్లలో పిల్లల డాక్టరమ్మ ఒకరు.

ఆవిడ క్లినిక్‌లో ఆ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. ఏ బిడ్డకి ఏ టీకా ఎప్పుడు వేశారో, మళ్లీ ఎప్పుడు వెయ్యాలో మొత్తం అందులోనే ఉంది. మూత మీద నీలం పిట్ట ఉంది. డాక్టరమ్మ మండిపడి నేరుగా ఆ కంపెనీకే రాసింది. మీ గుర్తు చూసి నమ్మాను, మీ గుర్తు నా గొంతు కోసింది అని. కంపెనీవాళ్లు ఆ పిట్ట ఎక్కడిదని ఆరా తీస్తే పిట్టబల్ల దొరికింది, దాంతో పిట్టక్క దొరికింది.

నోటీసు లైబ్రరీకి ఒకటి, మా ఇంటికి ఒకటి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఎవరికైనా పంచుకోవచ్చు గానీ, గుర్తు మాత్రం తమ సొత్తనీ, అనుమతి లేకుండా దాన్ని వాడి జనాన్ని పొరబాటు పడేలా చేశారనీ అందులో రాశారు. గుర్తును మార్చి వాడితే దాన్ని మరింత తీవ్రంగా పరిగణించి నష్టపరిహారం కోరతామని కూడా ఉంది. క్లినిక్ మెషీన్ ఫోటో జతచేశారు. కంపెనీ తరఫు లాయరు శనివారం లైబ్రరీకి వచ్చి మాట్లాడతారట. అది తేలేదాకా పిట్టబల్ల వెయ్యడానికి వీల్లేదని లైబ్రరీ కమిటీ కబురు చేసింది.

అక్క ఫోటో చూస్తూనే ఉంది. నేనూ వంగి చూశాను. పిట్టకి కన్ను లేదు.

“ఇది మనది కాదక్కా!” అన్నాను ఎగిరి గంతేసి.

“అలాగే ఉంది,” అంది ఆవిడ. మొహంలో మాత్రం వెలుగు లేదు.

సాయంత్రం లైబ్రేరియన్ మా ఇంటికి వచ్చాడు. ఫోటోలో పిట్టకి కన్ను లేదని చెప్తే ఆయన మొహం పాలిపోయింది. “అమ్మా, మీకు దణ్ణం పెడతాను, కన్ను ఊసెత్తకండి. వాళ్ల బొమ్మ వాళ్లు వేసినట్టే వాడామంటే, తెలియక చేశాం, ఇక చెయ్యం అని సంతకం పెట్టి బయటపడతాం. మార్చి వాడామని మన నోటితో మనమే చెప్తే కమిటీ బల్లని శాశ్వతంగా తీయించేస్తుంది. పరిహారం ఎంతంటారో ఏమో.”

“మరి క్లినిక్ మెషీన్?”

“ఎవరు చేశారో మాకు తెలీదు, చాలామందికి చేస్తుంటాం అనండి.”

“అంటే నేనే చేశానని ఊరంతా అనుకుంటుంది,” అంది అక్క.

పాపం, ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కన్ను సంగతి దాస్తే బల్ల దక్కుతుంది, పసిపిల్లల టీకాల లెక్క పోగొట్టిన మనిషిగా అక్క మిగిలిపోతుంది. చెబితే ఆ మచ్చ పోతుంది, బల్ల పోతుంది. నాకైతే ఆ కంపెనీని, దాని పిట్టని కలిపి గుడ్డలో మూటకట్టి గిరవాటెయ్యాలనిపించింది. ఊరికే ఇస్తున్నాం తీసుకోండని చెయ్యి చాచినవాళ్లు, తీసుకున్నాక వేలు పట్టుకుని మెలితిప్పడమేమిటి?

ఆయన వెళ్లాక అక్క నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అసలు భయం బయటపెట్టింది.

“అత్తయ్య ఈమధ్య మర్చిపోతోంది. మొన్న స్టౌ మీద పాలు పెట్టి వదిలేసింది. ఏదైనా ఒక్క మెషీన్‌కి కన్ను పెట్టడం మర్చిపోయి, నేనూ చూసుకోకుండా ఇచ్చేశానేమో? అది చేతులు మారి ఆ షాపు దాకా వెళ్లిందేమో?”

అంతలో వెనక నుంచి చప్పుడైంది. అత్తగారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“పాలు మర్చిపోయాను. నిజమే. మనవరాలి పేరు కూడా ఒకసారి మర్చిపోయాను. ఆట మర్చిపోలేదు,” అంది. “ఆడనిదానికి కన్ను పెట్టలేదు. ఆడినదానికి పెట్టకుండా వదల్లేదు. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్.”

అక్క లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని వెళ్లిపోయింది ముసలావిడ. శనివారం దాకా ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరి అన్నం వాళ్లు పెట్టుకుని తిన్నారు.

శనివారం ముగ్గురం లైబ్రరీకి వెళ్లాం. అత్తగారిని రావద్దన్నా వినలేదు. హాల్లో పత్రికలు చదివేవాళ్లని బయటికి పంపించేశారు. మా మూల ఖాళీగా ఉంది, బల్ల గోడకి ఆనించి నిలబెట్టారు. లాయరు ఒక సన్నపాటి అమ్మాయి, అక్కలో మూడోవంతు ఉంటుంది. ఎదురుగా క్లినిక్ కంప్యూటరు. పక్కన డాక్టరమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే అందుకుంది.

“మీరేనా పిట్టక్క? తల్లులందరికీ ఫోన్లు చేసి మీ బిడ్డకి ఏ టీకా వేశామో మీకేమైనా గుర్తుందా అని అడుగుతున్నాను. ఎంత సిగ్గుగా ఉందో తెలుసా? పిట్టక్క చేసిన మెషీన్ అని షాపువాడు ఒట్టేసి చెప్తే కొన్నాను!”

అక్క చెంప మీద కొట్టినట్టు ఆగిపోయింది. లైబ్రేరియన్ వెనక నుంచి చిన్నగా దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం మా ఇద్దరికీ తెలుసు.

లాయరు కాగితాలు సర్దుకుంది. “మేడమ్, ముందు ఒక్కటే అడుగుతాను. ఈ మెషీన్ మీద ఈ గుర్తు పెట్టింది మీరేనా?”

అక్క లైబ్రేరియన్ వైపు చూసింది. ఆయన తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. గోడకి ఆనించిన బల్ల వైపు చూసింది. తర్వాత అత్తగారి వైపు చూసింది. ముసలావిడ కళ్లు ఎత్తలేదు, చేతిసంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. అక్క ఏం చెప్తుందో నాకే తెలియలేదు.

“కాదు,” అంది అక్క. “మా పిట్టకి కన్నుంటుంది.”

లాయరు పెన్ను ఆగింది. “అంటే?”

“మీ బొమ్మకి మేము కన్ను పెడతాం. మార్చి వాడుతున్నాం. మీ నోటీసులో అది ఇంకా పెద్ద తప్పని రాశారు, చదివాను. కానీ మా అత్తగారు పరీక్ష చెయ్యకుండా, కన్ను పెట్టకుండా మా ఇంటి నుంచి ఒక్క మెషీన్ కూడా బయటికి పోలేదు.” ఓ పాత మెషీన్ మూత మీంచి ఊడదీసిన కన్నున్న పిట్ట స్టిక్కరుని సంచీలోంచి తీసి లాయరు ముందు పెట్టింది.

లైబ్రేరియన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“పెద్దావిడ ఎప్పుడైనా ఒకటి మర్చిపోయి ఉండొచ్చు కదా?” అంది లాయరు. అడగాల్సిందే అడిగింది, అయినా నాకు ఒళ్లు మండింది.

“మర్చిపోదు,” అంది అక్క. ఆ ఒక్కమాటకి అత్తగారు తలెత్తింది.

అప్పుడు డాక్టరమ్మ ముందుకి వంగి స్టిక్కర్ తీసుకుంది. దాన్నీ తన మెషీన్ మూతనీ మార్చి మార్చి చూసింది. కోపం మెల్లగా వేరే దారి పట్టడం ఆవిడ మొహంలో కనిపించింది.

“ఆ షాపులో కౌంటరు మీద షీట్లు షీట్లు ఉన్నాయి ఇవి,” అంది. “పిట్ట లేదేమని అడిగితే నా ముందే ఒకటి ఊడబీకి అంటించి ఇచ్చాడు. మీరే షాపుకి ఇచ్చి ఉంటారనుకున్నాను. ఒక్కదానికీ కన్ను లేదు.”

అంతే. ఇన్ని రోజులూ నోరు మెదపని అక్క ఒక్కసారిగా విరుచుకుపడింది. “మా పేరు చెప్పి అమ్మాడా! నేను చూడను కూడా చూడని మెషీన్ మీద నా గుర్తు వేసి! నన్నడక్కుండా! జనం మమ్మల్ని నమ్మి కదా కొంటారు? అది పాడైతే తిట్లు తినేది నేను కదా? వాడికేం హక్కుంది?”

లాయరు ఆవిణ్ణి పూర్తిగా మాట్లాడనిచ్చింది. తర్వాత నోటీసు కాగితం మెల్లగా అక్క ముందుకి జరిపింది.

“మీరన్నదే మేమూ రాశామండీ,” అంది.

ఎగతాళిగా అనుంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ అమ్మాయి మామూలుగానే అంది. అక్క ఆ కాగితం వైపు చూస్తూ నెమ్మదిగా కుర్చీలో కూలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి ఆవిడ నెత్తిన పెట్టుకుని మోసిన పిట్ట పరాయివాళ్లదని ఆవిడ ఒప్పుకుంటున్న క్షణం అది.

“ఏం చెయ్యమంటారు?” అంది.

లాయరు బయటికి వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చింది. ఇకమీద పిట్టని వాడకూడదు, బల్లకి ఆ పేరు పెట్టకూడదు. ఇచ్చిన మెషీన్ల మీద ఉన్నవి తీసేయాలి. ఒప్పుకుంటే పరిహారం అడగరు, షాపువాడి సంగతి వాళ్లు చూసుకుంటారు. లైబ్రేరియన్ గబగబా అందుకుని, పేరు లేని బల్లకి కమిటీ ఒప్పుకునేలా చూసే పూచీ నాదన్నాడు. అక్క సంతకం పెట్టింది.

అత్తగారు లాయరు చెయ్యి తట్టింది. “అమ్మాయ్, పిట్ట మీది. సరే. కన్నెవరిది?”

ఆ అమ్మాయి మొదటిసారి తడబడింది. కాగితాల వైపు చూసింది. “కన్ను... మా బొమ్మలో లేదండీ. అది మీదే.”

“అది చాలు,” అంది అత్తగారు.

లేచి వెళ్లబోతుంటే అక్క డాక్టరమ్మని ఆపింది. “మెషీన్ నాకు వదిలి వెళ్తారా? లెక్కలన్నీ వస్తాయని మాటివ్వలేను. చూస్తాను.” డాక్టరమ్మ ఒకసారి నమ్మి దెబ్బతిన్న మనిషి. మూత మీద చెయ్యి వేసి, చివరికి దాన్ని అక్క వైపు జరిపింది.

చాలావరకు దొరికాయి. దొరకనివాటికి తల్లుల్ని అడగక తప్పలేదు. అత్తగారు ఆ మెషీన్ మీద పేకాట ఆడి ఆడి, రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి ఒప్పుకుంది. డాక్టరమ్మ తీసుకెళ్లడానికి వచ్చేసరికి మూత మీద పిట్ట లేదు, నల్ల చుక్క ఒక్కటే ఉంది. ఏమిటని అడగలేదు. దాని మీద వేలు పెట్టి తుడిచి చూసింది. పోదని తెలుసుకుని సంచీలో పెట్టుకుంది.

ఆ తర్వాత మేము ఊరంతా తిరిగి పిట్టల్ని ఊడబీకాం. కిరసనాయిలు గుడ్డ, హెయిర్ డ్రయ్యరు, నా గోళ్లు. తలప్రాణం తోకకి వచ్చింది. దర్జీ అయితే “మా మెషీన్ ఏం పాపం చేసిందమ్మా?” అని పోట్లాటకే దిగాడు. ప్రతి ఇంట్లోనూ అక్క ఓపిగ్గా ఒకటే చెప్పింది: “ఇంకొకళ్ల బొమ్మ అండీ. వాళ్లు అడిగారు.” ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ గొంతు కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది.

ఆఖరికి మా ఇంట్లోది మిగిలింది. ప్రెస్సు నుంచి తెచ్చిన మొదటి మెషీన్, మొదటి పిట్ట. అక్క డ్రయ్యరు పట్టుకుని దాని ముందు కూర్చుంది. ఎంతసేపటికీ స్విచ్చి వెయ్యలేదు.

“నువ్వు తియ్యవే. నావల్ల కాదు,” అంది.

నేనే తీశాను. రెక్క ముక్కలు ముక్కలుగా వచ్చింది. అత్తగారు నా పక్కనే మార్కర్ పట్టుకుని నిలబడింది. బోసిపోయిన మూత మీద, ఇందాకటిదాకా పిట్ట తల ఉన్న చోట, వెతుక్కోకుండా చుక్క పెట్టింది.

“ఆదివారం బల్ల దగ్గరికి ఎంతమంది వస్తారో ఏమో,” అని అక్క కళ్లు తుడుచుకుని, డ్రయ్యరు వైరు చుట్టడం మొదలుపెట్టింది.